అక్క రాసిన చిన్న ఆపరేషన్

జూన్ 4

తమ్ముడికి,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. మీ లోయలో ఫోను మోగదు కాబట్టి ఈ ఉత్తరం సరుకుల లారీతో పంపుతున్నాను.

నీ కూతురు పిడుగు నడుము సంగతి. బెల్టు కట్టుకుని, బరువులు ముట్టకుండా, చెప్పిన కసరత్తులన్నీ చేస్తూ ఇన్ని నెలలూ ఓపిక పట్టింది. పగులు మాత్రం అతుక్కోలేదు. నిన్న స్కాను చూసి ఎముకల డాక్టరు ఆపరేషన్ చేద్దామంది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. వెన్నుపూసకి వెనకవైపు సన్నటి వంతెనలాంటి ఎముక ఉంటుందట. బరువులెత్తేవాళ్ళకి ఒత్తిడంతా అక్కడే పడుతుందట. ఇది ఒక్కరోజులో విరిగింది కాదు. ఇనప తీగను ఒకే చోట వంచుతూ పోతే చివరికి ఎలా తెగుతుందో అలా తెగింది. రెండు పక్కలా. వెనకటి రోజుల్లో అయితే వీపు పొడుగునా కోసి, కండ ఒలిచి పక్కకి లాగేవారట. ఇప్పుడు చిన్న గాట్లు పెట్టి, కండ కొయ్యకుండా పోగుల మధ్య సందు చేసుకుని, తెరమీద బొమ్మ చూస్తూ పక్కకొక స్క్రూ బిగిస్తారు. మర్నాడే నడిపిస్తారు. చిన్న ఆపరేషనే. కంగారు పడకు.

కాగితం మీద పిడుగే సంతకం చేసింది. మేజరు కదా. "నాన్నకి రాయి అత్తా, కానీ రమ్మనకు. తవ్వుతున్న సొరంగం వదిలి రాడు. వచ్చినా సొరంగం సంగతే మాట్లాడతాడు" అంది.

దుకాణంలో స్కూలు యూనిఫారాల పని జోరుగా ఉంది. పాత కుట్టుమెషీను ఒకటి మొరాయిస్తే పిడుగు విప్పి బాగుచేసింది. ఖాళీగా కూచునే పిల్ల కాదుగా.

మరదలికి నా ఆశీస్సులు. ప్రార్థన మానవద్దు.

అక్క

*

జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం అందింది. నేను చదివాను, నీ మరదలు చదివింది, తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 'చిన్న ఆపరేషన్' అన్నావు. అక్కడే మా గుండె జారిపోయింది.

మన ఇంటి రాతలు నాకు తెలియవా? దూరాన ఉన్నవాడికి చెడ్డమాట రాయకూడదని అమ్మ పెట్టిన కట్టుబాటు. 'మామయ్యకి కాస్త నలతగా ఉంది, వీలుంటే రా' అని రాసింది. నేను పళ్ళు కొనుక్కుని దిగేసరికి మామయ్య మంచం పక్కింటివాళ్ళకి ఇచ్చేసి ఉన్నారు. 'వానకి వెనకగది కొంచెం చెమ్మెక్కింది' అని రాసింది. వెళ్ళి చూస్తే వెనకగదే లేదు. ఆవిడ పోయాక ఆ కలం నీ చేతికొచ్చింది. మొన్నటికి మొన్న 'పిడుగుకి నడుం కాస్త పట్టేసింది' అన్నావు, అది పగులై తేలింది. ఇప్పుడు ఏకంగా ఆపరేషనే చిన్నదంటున్నావు. ఇంకెంత పెద్దదో దేవుడికే తెలియాలి. ఆయన నీకు చెప్పే ఉంటాడు.

స్క్రూ సంగతి నాకా చెబుతావు! ఇన్నేళ్ళుగా నేను తింటున్న కూడు అదే. సొరంగం కప్పులో పగులు కనబడితే కన్నం వేసి, లోపలికంటా బోల్టు దింపి బిగిస్తాం. బిగించాక "ఇక భయం లేదురా, పదండి" అని పనివాళ్ళని ముందుకి పంపుతాను. నేను మాత్రం ఆ చోటు వచ్చేసరికి అడుగు వేగం పెంచుతాను. బోల్టు మీద నమ్మకమంటే అదీ. ఆ డాక్టరమ్మని అడుగు: కన్నం ఎంత లోతు? ఎముక గట్టిదా, గుల్లదా? బోల్టు చుట్టూ సిమెంటు పోస్తారా, పొయ్యరా? ఇవేవీ అడక్కుండానే సంతకం పెట్టేసిందా మహాతల్లి?

నేను రాలేను. కొండకి రెండువైపుల నుంచీ తవ్వుకొస్తున్నాం. మధ్యలో మిగిలింది పాడు రాయి. ఇప్పుడు ఫోర్‌మన్ ఊరికి వెళ్ళాడంటే కొండ కూడా నవ్వుతుంది.

ఒక్కటి మాత్రం సూటిగా రాయి. సెలక్షన్లకి పిడుగు అందుతుందా? మా క్వార్టర్సు గోడమీద దాని పతకాలన్నీ తగిలించి, చివర ఒక మేకు ఖాళీగా ఉంచాను. పెద్ద పతకం కోసం. వయసులో ఉన్నప్పుడు నేను ఎత్తలేకపోయింది నా కూతురు ఎత్తుతుందని అందరికీ చెప్పుకున్నాను. ఇక్కడి వంటవాడు కూడా "సారూ, పాప ఎప్పుడు ఎత్తుద్ది?" అని అడగని పూట లేదు.

నీ మరదలు నీ ఉత్తరాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుని చూస్తోంది, కొట్టేసిన మాటలేమన్నా కనబడతాయేమోనని.

తమ్ముడు

*

జూన్ 22

తమ్ముడికి,

ఆపరేషన్ అయింది. బాగా అయింది.

నేను వరండాలో కూచుని ప్రార్థన చేసుకున్నాను. పక్కనున్నావిడ వాళ్ళాయన మోకాలి కథ మొదలుపెట్టి ఆపలేదు. దేవుడు ఇద్దరి మాటా విన్నట్టున్నాడు, ఆయన మోకాలూ బాగానే ఉందట.

డాక్టరు పొట్టి మనిషి. పీటెక్కి నిలబడి చేస్తుందట. బయటికి రాగానే నీ ప్రశ్నలు అడిగాను. సిమెంటు దగ్గర నవ్వింది. "ఎవరమ్మా ఈ ఇంజనీరు?" అంది. సిమెంటు లేదు. తుంటి ఎముకలోంచి కాస్త తీసి పగుల్లో పెట్టి, దానిమీద స్క్రూ బిగించిందట. "రాయి అతుక్కోదు, ఎముక అతుక్కుంటుంది. అంతే తేడా అని చెప్పండి" అంది.

మర్నాడు నర్సు పిడుగుని లేపి నడిపించింది. తలుపుదాకా వెళ్ళి వచ్చి "ఆకలేస్తోంది" అంది. ఇప్పుడు ఇంట్లోనే ఉంది. మన వీధి ఇస్త్రీ ఆయన భార్య చూడ్డానికి వచ్చి, వీపుమీద ఆ చిన్న పట్టీలు చూసి "ఇంతేనా!" అని ఉసూరుమంది. తన పొట్టమీద గాటు జానెడుంటుందని చెప్పి, తెచ్చిన పళ్ళలో సగం వెనక్కి పట్టుకెళ్ళింది. కుట్లు నేనూ చూశాను. చొక్కా కాజా అంత. చక్కగా వేసింది.

నువ్వు సూటిగా అడిగావు, సూటిగా రాస్తున్నాను. మూడు నెలలు వంగకూడదు, బరువు ముట్టకూడదు. ఎముక అతికిందని స్కానులో చూసుకున్నాక, ఆర్నెల్లకో కొంచెం అటూ ఇటుగానో పోటీలకి దిగొచ్చని డాక్టరు అంది.

పిడుగు దిగనంటోంది. నొప్పి వల్ల కాదు, భయం వల్ల కాదు. ఇష్టం లేక. "నడుం విరిగిందని చెప్పినరోజు నాకు ఏడుపు రాలేదత్తా, హాయిగా అనిపించింది. అప్పుడే తెలిసిపోయింది" అంది. ఆపరేషన్ ఇంత బాగా అయ్యేసరికి పాపం దానికి సాకు లేకుండా పోయింది. "నాన్నకి నువ్వే చెప్పు" అంది. చెప్పాను.

ఆలోచించు. ప్రార్థన చేసుకుని ఆలోచించు.

అక్క

*

జులై 1

అక్కా,

చదివాను. అర్థమైంది. చెప్పలేక నువ్వెంత నలిగిపోయావో అదీ అర్థమైంది.

'బాగా అయింది' అన్నావు. మామయ్య నలత ఉత్తరంలో కూడా అమ్మ 'ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు' అనే రాసింది. 'తలుపుదాకా నడిచింది' అన్నావు. తలుపు దాటి ఎందుకు నడవలేదు? డాక్టరు నవ్విందన్నావు. అక్కా, కప్పు నిలవదని నాకు తెలిసిపోయినరోజే నేను పనివాళ్ళ ముందు నవ్వుతాను. ఇస్త్రీ ఆయన భార్య సగం పళ్ళు ఎందుకు వెనక్కి పట్టుకెళుతుంది? తినే స్థితిలో మనిషి ఉంటే ఎవరైనా అలా చేస్తారా?

ఇక ఆఖరి ముక్క. 'ఇష్టం లేక' అట! పాకే వయసులో నిండు బిందెని ముందుకి నెడితే కదా, నేను దానికి పిడుగని పేరు పెట్టింది! దానికి బరువులంటే ఇష్టం లేకపోవడమా? ఇక ఎత్తలేదు అని రాయడానికి నీకు చెయ్యి రాలేదు, ఎత్తనంటోంది అని రాశావు. అమ్మ కూతురివనిపించుకున్నావు. నీ మరదలు ఆ ముక్క మీదే ఏడ్చి కాగితం తడిపేసింది. ఇప్పుడు అక్కడ సిరా అలుక్కుపోయి, చదువుదామన్నా కుదరదు.

నాకింకేమీ వద్దు. కాగితం మీద రాస్తున్నాను, దేవుడికి నువ్వే చదివి వినిపించు. నా బిడ్డ తన కాళ్ళ మీద తను నిలబడి గుమ్మం దాటితే చాలు, బరువుల ఊసు ఈ జన్మలో తీసుకురాను. అది ఏ పని చేసుకున్నా సరే, అసలేమీ చెయ్యకపోయినా సరే. దాని పేరు కొట్టెయ్యమని కోచ్‌కి రాసేశాను. నేను కసరత్తు చేసే ఇనప కడ్డీ వంటశాలకి ఇచ్చేశాను. వంటవాడు దానిమీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాడు. "సారూ, ఎత్తేవాళ్ళు లేకపోయినా ఆరేసేవాళ్ళం ఉన్నాంలెండి" అని ఓదార్చాడు. కొట్టేవాడినే, కళ్ళు తడిగా ఉండి సరిగ్గా కనబడలేదు.

ఊరికే కూచోలేక ఒక కుర్చీ చేయించాను. మా వడ్రంగి చేశాడు. చక్రాలు సొరంగంలో మట్టి తోసే బండివి. ఎంత గుంతలో పడ్డా ఒరగదు. మెత్త నీ మరదలు కుట్టింది. కుట్లు వంకరున్నాయని నవ్వకు. లారీలో పంపుతున్నాను. పిడుగుతో ఏమీ అనకు. మంచం పక్కన పెట్టు చాలు.

తమ్ముడు

*

జులై 9

తమ్ముడికి,

కుర్చీ అందింది. లారీ నుంచి దించడానికి నలుగురు పట్టారు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

పిడుగు నడుస్తోంది. రోజూ వీధి చివర నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి వస్తోంది. నేను రాసింది రాసినట్టే చదువుకో. వెనకాల ఇంకేమీ లేదు.

అమ్మ పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. అందుకే ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. రాస్తే ఇదీ.

నువ్వు పంపావు కాబట్టి పిడుగు ఒకసారి కుర్చీలో కూచుంది. ఎడమ చక్రం కీచుమంటోందని నూనె వేసింది. ఇప్పుడు దానిమీద బట్టల తాన్లు పెట్టుకుని కత్తెర బల్ల దగ్గరికి తోసుకుంటున్నాం. నాకు మోత తప్పింది. ఇంత పనికొచ్చే వస్తువు నువ్వు నాకు ఎన్నడూ ఇవ్వలేదు.

కోచ్ వచ్చాడు. నీ ఉత్తరం పట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చాడు. తలుపు పిడుగే తీసింది. అతనికి కాసేపు మాట రాలేదు. టీ తాగి వెళ్ళాడు.

వీధిలో దర్జీలంతా మెషీన్లు పిడుగు దగ్గరికే తెస్తున్నారు. ఎత్తు బల్లమీద పెట్టించుకుని నిలబడే విప్పుతుంది. "అన్నిటికీ ఒకే చోట అరుగుతుందత్తా, నాకులాగే" అంటుంది. అలా అంటూ ఈల వేస్తుంది. బరువులెత్తిన రోజుల్లో ఆ పిల్ల ఈల నేను వినలేదు.

మరదలి కుట్లు వంకరగానే ఉన్నాయి. విప్పి మళ్ళీ వెయ్యను. అలాగే బాగున్నాయి.

అక్క

*

జులై 17

అక్కా,

నువ్వు హాస్యమాడావు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నువ్వు హాస్యమాడగా వినలేదు. 'ఇంత పనికొచ్చే వస్తువు' అట! నీ మరదలు ఆ ముక్క చదివి కంచం ముందునుంచి లేచిపోయింది. "వదిన నవ్విస్తోందంటే ఇక అయిపోయినట్టేనండీ" అంది.

ఏడ్చుకుంటూ వచ్చిన కోచ్‌కి ఇంట్లోకి వచ్చాక మాట రాలేదని కూడా నువ్వే రాశావు. అంతకంటే ఏం కావాలి మాకు?

నిన్న కొండ తెగింది. అవతలివాళ్ళ దీపం మావైపు కనబడింది. ఒకటే ఈలలు, కేకలు, కౌగిలింతలు. నేను ఆ గోలలో, ఎప్పుడూ అడుగు వేగం పెంచే ఆ బోల్టుల కిందే నిలబడిపోయి సెలవు చీటీ రాశాను. వస్తున్నాం. పిడుగుకి ముందుగా చెప్పకు, దానిచేత బాగున్నట్టు నటింపజేయకు. ఎలా ఉన్నా చూడ్డానికి గుండె రాయి చేసుకునే బయల్దేరుతున్నాం. నా మాట మీద నేనున్నాను.

తమ్ముడు

*

ఆగస్టు 5

అక్కా,

క్షేమంగా లోయకి తిరిగి చేరాం.

"కాళ్ళు తుడుచుకుని రా నాన్నా, ఇప్పుడే ఊడ్చారు" అని పిడుగు తలుపు తీసి అనేసరికి కూలబడ్డాను. కూలబడింది కూడా నేను చేయించిన కుర్చీలోనే, తాన్ల మీద. నువ్వు ఒక్క మాట అనకుండా తాన్లతో సహా నన్ను తోసుకుంటూ వంటింట్లోకి తీసుకెళ్ళి కాఫీ పెట్టావు చూడు, అది నేను చచ్చేదాకా మరచిపోను. వీధంతా చూసింది. ఇస్త్రీ ఆయన భార్య "అయ్యో, నీకేమైంది బాబూ" అని పళ్ళు తెచ్చింది. ఈసారి ఒక్కటి కూడా వెనక్కి పట్టుకెళ్ళలేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. రెండు స్క్రూలు, గీత గీసినట్టు. నేను ఇన్నేళ్ళలో అంత సూటిగా ఒక్క బోల్టు వెయ్యలేదు, నిజం ఒప్పుకుంటున్నాను. "అతకడం మొదలైంది. పూర్తిగా అతికాక మీ అమ్మాయి ఏ పనైనా చేసుకోవచ్చు" అంది.

ఏ పనైనా! మరి అంత గట్టి నడుం పెట్టుకుని మెషీన్లకి నూనె వేసుకుంటూ బతుకుతుందా? న్యాయం నువ్వే చెప్పు. ఇక నడవదనుకున్నాను కాబట్టి ఆ మాట అన్నాను. నడుస్తోంది. అనుకున్నది జరగనప్పుడు అన్నమాట కూడా అననట్టే కదా! ఈ ఏడు కాకపోతే పై ఏడు. కోచ్‌కి మళ్ళీ రాద్దామనుకుంటున్నాను. నా కడ్డీ అడిగితే వంటవాడు ఇవ్వనంటున్నాడు, ఆ సంగతి తర్వాత చూస్తాను.

నీ మరదలు మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. "పిల్ల ఈల విన్నారా?" అని మాత్రం అడిగింది. విన్నాను. అయితే ఏమిటట?

ఒక్క ప్రశ్న. నువ్వు కావాలనే అలా రాశావా?

తమ్ముడు

*

ఆగస్టు 14

తమ్ముడికి,

ఉన్నదున్నట్టు రాశాను. నువ్వే చదువుకోలేదు.

నీ మాట దేవుడికి చదివి వినిపించమన్నావు. వినిపించాను. గుమ్మం దాటితే చాలన్నావు, దాటింది. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకునే ఉత్తరం కూడా నన్నే చదవమంటే నాచేత కాదు. ఆ బేరం నువ్వే చేసుకో.

డాక్టరు ఇంకో మాట కూడా అంది. నువ్వు స్క్రూలే చూస్తూ విన్నట్టు లేవు. ఎముక అతికేదాకా కదలకుండా పట్టుకోవడానికే స్క్రూ. అతికాక దానికి పని లేదు, లోపల ఊరికే ఉంటుంది. కన్నవాళ్ళ సంగతి నేను మాట్లాడ్డం లేదు, స్క్రూ సంగతి రాస్తున్నాను.

నీ ఉత్తరం పిడుగు చదివింది. నేను దాచలేదు. మెషీను మూత బిగించి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి తన నడుం బెల్టు తెచ్చింది. డాక్టరు ఇక కట్టుకోనక్కర్లేదంది దాన్ని. "నాన్న గోడమీద మేకు ఒకటి ఖాళీగా ఉందన్నాడు కదత్తా. దీన్ని తగిలించుకోమను. ఆ పతకాలన్నీ నాన్న కోసం ఎత్తాను. ఇది మాత్రం నా అంతట నేను మోశాను" అంది.

లారీలో పంపుతున్నాను. ఉతికాను.

అక్క

*

సెప్టెంబరు 16

అక్కా,

ఇక్కడ అంతా కులాసా.

బెల్టు అందింది. మేకుకి తగిలించాను. చూసినవాళ్ళు ఏ పోటీలో వచ్చిందని అడుగుతున్నారు.

కోచ్‌కి రాయలేదు.

సొరంగం పూర్తయ్యాక పనేమీ లేదు. నీ మరదలి కుట్టుమెషీను ఆగిపోయింది. తొందరేమీ లేదు. నాకు కాస్త నలతగా ఉంది.

తమ్ముడు

*

సెప్టెంబరు 24

తమ్ముడికి,

'కాస్త' అంటే ఎంతో మన ఇంట్లో అందరికీ తెలుసు. నీ ఉత్తరం పిడుగు రెండుసార్లు చదివి, సామాను సర్దుకుంది.

కొత్త స్కాను బాగుంది. ప్రయాణానికి డాక్టరు సరేనంది. రేపటి లారీలో ముందు సీటులో కూచుని వస్తోంది. మెషీను బాగయ్యేదాకా ఉంటానంటోంది. నీ నలత సంగతి నేను అడగలేదు, తనూ అనలేదు.

పనిముట్ల పెట్టె తెస్తోంది. బరువుగా ఉంది. పిడుగుని పెట్టె ముట్టుకోనివ్వకు. నువ్వే ఎత్తు.

అక్క